గుమ్మం దాటించినంత మాత్రాన

యూరప్ మానవ హక్కుల ఒప్పందంలో మూడో అధికరణ మొత్తం ఒకే ఒక్క వాక్యం. ఎవరినీ చిత్రహింసలకు గాని, అమానుషమైన లేదా నీచపరిచే ప్రవర్తనకు, శిక్షకు గాని గురిచేయరాదు. అంతటితో అధికరణ అయిపోయింది. 1950 నవంబర్ 4న రోమ్‌లో ఆ ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్లు మిగతా హక్కుల్లో చాలావాటికి ఏదో ఒక మినహాయింపు రాసుకున్నారు. దీనికి మాత్రం రాయలేదు. యుద్ధం వచ్చినా, దేశం ఉనికికే ముప్పు వచ్చినా పక్కన పెట్టడానికి వీల్లేని కొద్ది అధికరణల్లో దీన్నీ చేర్చారు. నాజీ శిబిరాల్లో ఏం జరిగిందో అప్పటికి ఇంకా పచ్చిగా గుర్తుంది. ముసాయిదా పనిలో ముందు నడిచిన డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్, న్యూరెంబర్గ్ విచారణలో నాజీ నాయకులను బోనెక్కించి ప్రశ్నించిన బ్రిటిష్ లాయరు. ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం కూడా బ్రిటనే, 1951 మార్చిలో.

కానీ ఒక మనిషిని వేరే దేశానికి పంపిస్తే, అక్కడి పోలీసులు అతన్ని లాకప్పులో చావబాదితే, తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఆ వాక్యంలో జవాబు లేదు. కొట్టినవాళ్లదేనా, పంపినవాళ్లకు కూడా అందులో వాటా ఉందా? పైగా ఆ మనిషి మీద ఉగ్రవాది అన్న అనుమానం ఉంటే? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ చట్టసభలోనూ తయారుకాలేదు. ఒక్కో కేసు, ఒక్కో మనిషి, ఒక్కో జైలు గది మీదుగా దాదాపు పాతికేళ్లలో అవి రూపుకట్టాయి. ఆ కథలో అన్నిటికంటే ముఖ్యమైన కేసు మన దేశానిది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. అందుకే దాన్ని కాస్త విపులంగా చెప్పాలనిపించింది.

మొదటి అడుగు ఉగ్రవాదంతో సంబంధం లేని హత్య కేసులో పడింది. యెన్స్ సోరింగ్ ఒక జర్మన్ దౌత్యవేత్త కొడుకు, అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదువుకునేవాడు. 1985లో అతని స్నేహితురాలి తల్లిదండ్రులు తమ ఇంట్లోనే దారుణ హత్యకు గురయ్యారు. ఇద్దరూ ఇంగ్లండుకు పారిపోయి, మరుసటి ఏడు చెక్కుల మోసంలో దొరికిపోయారు. సోరింగ్‌ను అప్పగించమని అమెరికా అడిగింది. వర్జీనియాలో ఆ నేరానికి మరణశిక్ష పడొచ్చు. మరణశిక్ష వేయబోమని రాసివ్వమంటే, శిక్ష ఖరారు చేసే రోజున బ్రిటన్ కోరికను జడ్జికి విన్నవిస్తామని మాత్రమే అక్కడి ప్రాసిక్యూటరు చెప్పాడు.

స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు 1989 జులై 7న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఒప్పందం మరణశిక్షను అప్పటికి నిషేధించలేదు కాబట్టి కోర్టు దాని జోలికి పోలేదు. శిక్ష పడ్డాక అమలయ్యే దాకా ఆరు నుంచి ఎనిమిదేళ్ల పాటు, రేపు చంపుతారా ఎల్లుండి చంపుతారా అని మరణశిక్ష ఖైదీల వరసలో మగ్గడాన్ని చూసింది. 18 ఏళ్ల వయసులో నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడికి ఆ అనుభవం అమానుషమే అవుతుందంది. ఆ ముప్పు నిజంగా ఉందని నమ్మడానికి గట్టి ఆధారాలుండగా పంపిస్తే, పంపడమే మూడో అధికరణను ఉల్లంఘించడం. ఈత రాదని తెలిసి ఒడ్డు మీంచి తోసినవాడు, ముంచింది ఏరే గాని నేను కాదంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇక్కడ సోరింగ్ తప్పించుకోలేదన్న సంగతి గమనించాలి. మరణశిక్ష పడే నేరం కింద విచారించబోమని వర్జీనియా మాట ఇచ్చాక 1990 జనవరిలో అతన్ని అప్పగించారు. రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2019 దాకా జైల్లోనే ఉన్నాడు. కోర్టు న్యాయానికి అడ్డు రాలేదు. ఏ పద్ధతిలో పంపాలో చెప్పిందంతే.

అసలు పరీక్ష ఆ 1990లోనే మొదలైంది.

కరమ్‌జిత్ సింగ్ చాహల్ 1948లో పుట్టిన పంజాబీ. 1971లో దొంగదారిన ఇంగ్లండు చేరాడు. తర్వాత ప్రభుత్వ సడలింపుల్లో 1974 నాటికి శాశ్వత నివాసానికి అనుమతి సంపాదించాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. 1984 జనవరిలో భార్యాపిల్లలతో బంధువులను చూడ్డానికి పంజాబ్ వచ్చాడు. అప్పటికి అక్కడ గాలి ఎంత వేడెక్కి ఉందో ఆ వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్వర్ణమందిరానికి వెళ్లాడు, అమృతం పుచ్చుకుని సిక్కు దీక్ష తీసుకున్నాడు, శాంతియుత నిరసనల నిర్వహణలో చేరాడు. మార్చి 30న పంజాబ్ పోలీసులు పట్టుకుని 21 రోజులు ఉంచుకున్నారు. ఆ రోజుల గురించి అతను కోర్టుకు చెప్పింది ఇదీ: రోత పుట్టే చోట బేడీలు వేసి ఉంచారు, స్పృహ తప్పేదాకా కొట్టారు, ఒంటి మీద అక్కడక్కడా కరెంటు పెట్టారు, చంపేస్తున్నామన్నట్టు ఉత్తుత్తి మరణశిక్ష నాటకం ఆడారు. తర్వాత ఏ కేసూ పెట్టకుండా వదిలేశారు. మే 27న అతను ఇంగ్లండు తిరిగివెళ్లాడు. ఇంకొద్ది రోజులకే స్వర్ణమందిరం మీద సైనిక చర్య, ఆపరేషన్ బ్లూస్టార్.

ఇంగ్లండులో అతను గురుద్వారాల్లో పెద్దమనిషయ్యాడు. అంతర్జాతీయ సిక్కు యువజన సమాఖ్య శాఖ అక్కడ వేళ్లూనడంలో ముందున్నాడు. 1985లో రాజీవ్ గాంధీ బ్రిటన్ పర్యటనకు వచ్చినప్పుడు హత్యకు కుట్ర పన్నాడన్న అనుమానంతో అరెస్టు చేశారు. ఆధారాలు దొరక్క వదిలేశారు. 1986 నాటి ఈస్ట్‌హామ్ గురుద్వారా గొడవ కేసులో దాడి, అల్లరి నేరాల కింద శిక్ష పడింది. 1990 ఆగస్టులో బ్రిటిష్ హోంమంత్రి డేవిడ్ వాడింగ్టన్ ఇతను దేశ భద్రతకు ముప్పని తేల్చి, భారత్‌కు పంపించేయాలని నిర్ణయించాడు. ఆగస్టు 16న అతన్ని బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారు. ఏ నేరం కిందా కాదు, విమానం ఎక్కించేదాకా కాపలా కోసం.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ రోజుల్లో బ్రిటన్ అనుసరించిన పద్ధతి చూడాలి. మామూలుగా డిపోర్ట్ చేయదలచిన మనిషి ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దేశ భద్రత అన్నారంటే ఆ అప్పీలు లేదు. దానికి బదులు ముగ్గురు సభ్యుల సలహా సంఘం ఉండేది. జనం దాన్ని ముగ్గురు వివేకవంతుల సంఘం అని పిలిచేవారు. చాహల్ 1991 జూన్ 10న దాని ముందుకు వెళ్లాడు. లాయరును వెంట తెచ్చుకోవడానికి వీల్లేదు. తన మీద ఉన్న ఆధారాలేమిటో, ఎవరిచ్చారో చెప్పరు. ఆరోపణల చిట్టా మాత్రం ఇచ్చారు: పంజాబ్ ఉగ్రవాదులకు డబ్బు, సామగ్రి పంపాడని, బ్రిటన్‌లోని సిక్కులను బెదిరించాడని, దాడుల పథకాల్లో ఉన్నాడని. సంఘం హోంమంత్రికి ఏం సలహా ఇచ్చిందో అదీ చెప్పరు. పైగా ఆ సలహాను మంత్రి పాటించి తీరాలని ఏమీ లేదు.

ఆరోపణల చిట్టాలో 1986 నాటి గొడవలో పడిన శిక్ష కూడా ఒకటి. 1992 జులైలో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పంపించేయడానికి చూపిన కారణాల్లో ఒకటి అలా కూలిపోయినా చాహల్ జైల్లోనే ఉన్నాడు. ఈ కేసు కాగితాలు చదివినప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. కోర్టు ముందుకు వచ్చిన ఆరోపణను పరీక్షించగలిగారు, అది నిలవలేదు. మిగతావి పరీక్షకే రాలేదు. అవి నిజమా అబద్ధమా అన్నది మనకు ఈనాటికీ తెలియదు, తెలిసే దారీ లేదు. బ్రిటిష్ కోర్టులు కూడా ఆ రహస్య ఫైలును చూడకుండానే, భద్రత సంగతి మంత్రికే వదిలేశాయి.

అతనికి హాని జరగదని ఢిల్లీ నుంచి హామీ తెచ్చుకుంది బ్రిటన్. మిగతా పౌరులందరికీ ఉన్న చట్ట రక్షణ చాహల్‌కూ ఉంటుందని, అధికారుల చేతుల్లో ఎలాంటి దుర్వ్యవహారానికీ భయపడక్కర్లేదని దాని సారాంశం. పంజాబ్ వద్దనుకుంటే దేశంలో అతను కోరుకున్న ఏ ఊరికైనా పంపుతామని కూడా బ్రిటన్ ముందుకొచ్చింది. వినడానికి సబబుగానే ఉంది.

స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఆ హామీ చిత్తశుద్ధిని శంకించలేదు. కానీ మాట ఇచ్చింది ఢిల్లీ, లాకప్ తాళాలున్నది పంజాబ్ పోలీసుల దగ్గర. ఆ పోలీసులు రాష్ట్రం ఎల్లలు దాటి వేరే ఊళ్లలోకి వెళ్లి మనుషులను ఎత్తుకొచ్చిన, మాయం చేసిన ఉదంతాలు కోర్టు ముందుకొచ్చాయి. వాటిని బయటపెట్టినవాళ్లలో అమ్నెస్టీ, అమెరికా విదేశాంగ శాఖతో పాటు మన జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా ఉంది. ప్రభుత్వం అదుపు చేయాలనుకున్నా చేయలేకపోతున్న మొండి జబ్బు ఇది అని కోర్టు తేల్చింది. 1996 నవంబర్ 15న 12 మంది జడ్జిలు చాహల్‌ను పంపకూడదన్నారు. ఏడుగురు కాదన్నారు. ఆ మనిషి ఎంత ప్రమాదకారి అన్నది ఈ లెక్కలోకి రానేరాదన్నది తీర్పులో ఆయువుపట్టు. శరణార్థుల ఒప్పందం భద్రతకు ముప్పయినవాళ్లను వెనక్కి పంపనిస్తుంది. మూడో అధికరణలో ఆ వెసులుబాటు లేదు. ఆరేళ్ల మూణ్నెల్ల తర్వాత, తీర్పు వచ్చిన రోజే చాహల్ జైలు నుంచి ఇంటికి వెళ్లాడు.

విభేదించిన ఏడుగురి మాటను తేలిగ్గా తీసేయకూడదు. వాళ్లు చిత్రహింసను సమర్థించలేదు. ఒక రాజ్యం తన గడ్డ మీద తానే హింసించడం ఒకటి, వేరే దేశంలో జరగొచ్చన్న ముప్పు ఇంకొకటి అన్నారు. రెండో సందర్భంలో ముప్పు ఎంత, ఆ మనిషి వల్ల సమాజానికి హాని ఎంత అని తూకం వేసుకోవడం న్యాయమేనన్నారు. బాంబుల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఇదే అడుగుతుంది. కానీ ఆ తూకం వేసేది ఎవరు? ఒక వైపున పెట్టే భద్రతా ముప్పు రహస్య ఫైల్లో ఉంటుంది. దాన్ని తూచేది ఆరోపించిన మంత్రే. రెండో వైపున ఉన్నవాడికి ఆ ఫైలు చూసే వీలే లేదు. అలాంటి తక్కెడ ప్రతిసారీ ఒకే వైపు మొగ్గుతుంది. పన్నెండుగురి తీర్పే సరైందని నేను నమ్మడానికి కారణం ఇదే.

తీర్పు వచ్చిన నెల లోపే మన సుప్రీంకోర్టులో ఏం జరిగిందో చూడండి. డిసెంబర్ 12న, పంజాబ్‌లో గుర్తుతెలియని శవాలంటూ గుట్టుగా దహనం చేసిన ఉదంతాన్ని విచారించమని మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. అమృత్‌సర్ జిల్లాలోని మూడు శ్మశానాల్లోనే 2,097 శవాలకు చట్టవిరుద్ధంగా దహనం జరిగినట్టు సీబీఐ తేల్చింది. ఈ సంగతి బయటికి లాగిన జస్వంత్ సింగ్ ఖాల్రాను 1995 సెప్టెంబర్‌లో ఇంటి దగ్గరి నుంచే ఎత్తుకుపోయారు. మళ్లీ తిరిగిరాలేదు. ఆ కేసులో పోలీసులకు తర్వాత శిక్షలు పడ్డాయి. ఆ ఆదేశానికి ఆరు రోజుల తర్వాత, డిసెంబర్ 18న, సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో తీర్పిచ్చింది. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి, సాక్షి సంతకం పెట్టాలి, బంధువుకు కబురు చేయాలి, కస్టడీలో ఉన్నవాడికి 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి అన్న నియమాలు దాని నుంచి వచ్చినవే. పరాయి కోర్టు మన పరువు తీసిందని చాహల్ తీర్పు మీద అలిగినవాళ్లు ఈ రెండు తేదీలను దాని పక్కన పెట్టి చూడాలి. స్ట్రాస్‌బర్గ్‌లో ముప్పుగా చెప్పినదాన్ని మన కోర్టు, మన సీబీఐ, మన కమిషన్ నెల రోజుల తేడాతో రికార్డుకెక్కించడం మొదలుపెట్టాయి.

బ్రిటన్‌లో ముగ్గురు వివేకవంతుల సంఘం పోయింది. దాని స్థానంలో 1997 చట్టంతో ఒక ప్రత్యేక అప్పీళ్ల కమిషన్, దానితో పాటు ఒక కొత్త తరహా లాయరు వచ్చాడు. కెనడాలో ఉన్న ఇలాంటి ఏర్పాటును చాహల్ కేసులో జడ్జిల దృష్టికి తెచ్చినవాళ్లున్నారు. బ్రిటన్ దాన్ని అందిపుచ్చుకుంది. దీన్ని ప్రత్యేక న్యాయవాది పద్ధతి అంటారు. భద్రతా తనిఖీలో నెగ్గిన లాయర్లలోంచి ఇతన్ని అటార్నీ జనరల్ నియమిస్తాడు. మొదట బహిరంగ విచారణ జరుగుతుంది. రహస్య సాక్ష్యం వంతు రాగానే అనుమానితుడినీ, అతను పెట్టుకున్న లాయర్లనూ బయటికి పంపి తలుపులు మూస్తారు. లోపల ప్రత్యేక న్యాయవాది ఆ ఫైలు చదివి, అనుమానితుడి తరఫున వాదిస్తాడు. అయితే ఫైలు తెరిచిన క్షణం నుంచి అతను ఆ మనిషితో కేసు గురించి మాట్లాడకూడదు. ఫలానా తేదీన ఫలానా ఊళ్లో నిన్ను చూశామంటున్నారు, అప్పుడెక్కడున్నావని అడగడానికి లేదు. ఆ రోజు అతను ఆసుపత్రిలో ఉండి ఉండొచ్చు. ఆ సంగతి చెప్పగలిగినవాడు తలుపు బయట కూర్చుని ఉంటాడు. వెనకటికంటే ఇది మేలే, ఒప్పుకుంటాను. అయినా ఈ పని చేసిన సీనియర్ లాయరు ఇయాన్ మెక్‌డోనాల్డ్ మనసొప్పక 2004లో రాజీనామా చేశాడు.

2001 సెప్టెంబర్ 11 తర్వాత ప్రభుత్వాలు ఈ సూత్రం చుట్టూ దారులు వెతికాయి. పంపలేం, కోర్టులో నిలబెట్టేంత సాక్ష్యం లేదు, వదలనూ లేం అనుకున్న విదేశీ అనుమానితులను బ్రిటన్ విచారణ లేకుండా, గడువు లేకుండా బెల్‌మార్ష్ జైల్లో పెట్టింది. 2004 డిసెంబర్ 16న ప్రభువుల సభ న్యాయమూర్తులు తొమ్మిది మందిలో ఎనిమిది మంది అది చెల్లదన్నారు. ముప్పు బ్రిటిష్ పౌరుల నుంచి కూడా ఉండగా విదేశీయులను మాత్రమే బంధించడం ఏ భద్రత అని అడిగారు.

స్వీడన్ ఇంకో దారి పట్టింది. 2001 డిసెంబర్ 18 సాయంత్రం శరణు కోరిన ఇద్దరు ఈజిప్టు వాళ్లను, అహ్మద్ అగీజాను, మహమ్మద్ అల్ జేరీని పోలీసులు పట్టుకున్నారు. కొన్ని గంటల్లోనే స్టాక్‌హోమ్‌లోని బ్రొమ్మా విమానాశ్రయానికి తెచ్చారు. అక్కడ ముఖాలకు ముసుగులేసుకున్న అమెరికన్లు ఎదురుచూస్తున్నారు. చిన్న గదిలోకి తీసుకెళ్లి, ఒంటి మీది బట్టలు కత్తెరతో కత్తిరించి తీశారు. వేరే దుస్తులు తొడిగి, తలకు గుడ్డసంచి తగిలించి, చేతులకూ కాళ్లకూ సంకెళ్లు వేసి విమానమెక్కించారు. స్వీడన్ పోలీసులు చూస్తూ నిలబడ్డారు. మర్యాదగా చూసుకుంటామని కైరో రాసిచ్చిన హామీ అప్పటికే స్వీడన్ చేతిలో ఉంది. ఆ హామీ అమలవుతోందో లేదో చూడ్డానికి స్వీడన్ రాయబారి జైలుకు వెళ్లింది అయిదు వారాల తర్వాత. అదీ జైలు అధికారుల సమక్షంలో. అయినా ఖైదీలు తమను హింసించారని చెప్పారు. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక కమిటీకి ఇచ్చిన నివేదికలో స్వీడన్ ఆ భాగాన్ని దాచింది. 2004లో ఒక టీవీ కార్యక్రమం గుట్టు రట్టు చేసింది. స్వీడన్ తప్పు చేసిందని 2005 మేలో కమిటీ తేల్చింది. అల్ జేరీ మీద చివరికి ఏ నేరమూ మోపలేదు.

చాహల్ కేసులో జడ్జిలు హామీ మీద ఎందుకు ఆధారపడలేదో బ్రొమ్మా చూపించింది. లాకప్పులో ఏం జరిగిందో చెప్పాల్సినవాడు ఇంకా ఆ లాకప్పులోనే ఉంటాడు. నోరు విప్పితే రాత్రికి ఏమవుతుందో అతనికి తెలుసు. మాట తప్పారని బయటపడటం మాట ఇచ్చిన దేశానికీ ఇష్టముండదు, పుచ్చుకున్న దేశానికీ ఇష్టముండదు.

2005 జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. ఆట నియమాలు మారుతున్నాయని నెల తిరక్కుండా ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రకటించాడు. ఆ కోపం అర్థం చేసుకోలేనిది కాదు. జోర్డాన్, లిబియా, లెబనాన్‌లతో వరసగా హామీ ఒప్పందాలు కుదిరాయి. అంతటితో ఆగకుండా, చాహల్ తీర్పునే తిరగదోడించాలని బ్రిటన్ పూనుకుంది. ట్యునీషియా పౌరుడు సాదీని ఇటలీ పంపించేయబోయిన కేసులో తనకు సంబంధం లేకపోయినా దూరి, ముప్పును తూకం వేసుకోనివ్వండని వాదించింది. 2008 ఫిబ్రవరి 28న స్ట్రాస్‌బర్గ్ కోర్టు విస్తృత ధర్మాసనం వద్దంది. ఆ మనిషి ప్రమాదకారి అయినంత మాత్రాన అక్కడ అతన్ని హింసించే ముప్పు తగ్గదు, రెండూ ఒకే తక్కెడలో పెట్టదగ్గవి కావంది. ఈసారి భిన్నాభిప్రాయం లేదు. 1996లో 12, 7గా చీలిన కోర్టు పన్నెండేళ్లకు ఒక్క గొంతుతో మాట్లాడింది. ఆ మధ్యలో బ్రొమ్మా లాంటివి ఎన్ని జరిగాయో ప్రపంచమంతా చూసింది. ఆ చూసినదే జడ్జిలను దగ్గరికి చేర్చిందని నా నమ్మకం.

అబూ ఖతాదా కేసు ఈ సూత్రం ఎంత దూరం పనిచేయగలదో చూపించింది. జోర్డాన్‌కు చెందిన ఈ మతబోధకుడు 1993లో బ్రిటన్ చేరాడు. అతని మాటలు విషం చిమ్మేవని అనడానికి నాకు సంకోచం లేదు. అతను లేకుండానే జోర్డాన్ కోర్టులు రెండు కుట్ర కేసుల్లో శిక్షలు వేశాయి. అతన్ని పంపడానికి బ్రిటన్‌కు దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. పత్రికలు కోర్టుల మీద దుమ్మెత్తిపోశాయి. 2012 జనవరిలో స్ట్రాస్‌బర్గ్ కోర్టు జోర్డాన్ హామీని పరిశీలించి, ఈసారి సరిపోతుందంది. అందులో వివరాలున్నాయి, రాజు స్థాయిలో కట్టుబాటుంది, జైలుకు వెళ్లి చూసే సంస్థ ఉంది. అయినా పంపవద్దంది. సహనిందితులను హింసించి రాబట్టిన వాంగ్మూలాలే అతని మీద సాక్ష్యం కావచ్చు, అలాంటి విచారణ విచారణే కాదంది. అప్పుడు బ్రిటన్ చేయాల్సిన పని చేసింది. జోర్డాన్‌తో ఒప్పందం రాసుకుని, ఆ సాక్ష్యం వాడకుండా కట్టడి చేసింది. 2013 జులై 7న అబూ ఖతాదా విమానమెక్కాడు. మరుసటి ఏడు జోర్డాన్ కోర్టులోనే రెండు కేసులూ నిలవక కొట్టేశారు.

అతను మంచివాడని దీనర్థం కాదు. హింసించి చెప్పించిన మాటలు తీసేస్తే ఆ కేసుల్లో శిక్ష వేసేంత మిగల్లేదని మాత్రమే. అదే మాటల ఆధారంగా మొదట శిక్షలు పడ్డాయి కూడా.

మన దేశం ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997 అక్టోబర్‌లో సంతకం చేసింది. ఈనాటికీ ఆమోదించలేదు. శరణార్థుల ఒప్పందంలో మనం చేరనే లేదు. హైదరాబాద్‌లో బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకున్న రోహింగ్యాలకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. వాళ్లు భద్రతకు ముప్పని కేంద్రం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. చట్టం చెప్పిన పద్ధతి పాటిస్తే పంపవచ్చని కోర్టు 2021 ఏప్రిల్‌లో అంది. ఆ మరుసటి నెలలోనే మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన కొందరి కేసులో మణిపూర్ హైకోర్టు, ప్రాణాపాయం ఉన్నచోటికి వెనక్కి పంపకపోవడం మన రాజ్యాంగం 21వ అధికరణలోనే ఉందని చెప్పింది.

చిత్రహింసల వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించకపోవడానికి మూల్యం కట్టేది కూడా మనమే. 1995 డిసెంబర్ 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద ఒక విమానం వందలాది ఏకే-47 తుపాకులు, తూటాలు జారవిడిచింది. పథకం నడిపినవాళ్లలో ఒకడు కిమ్ డేవీ అన్న పేరుతో తిరిగిన డెన్మార్క్ పౌరుడు నీల్స్ హోల్క్. మిగతావాళ్లు దొరికారు, ఇతను జారుకున్నాడు. ఏళ్ల తరబడి అడిగాక, మన హామీలు పుచ్చుకుని అప్పగించడానికి డెన్మార్క్ ప్రభుత్వం 2010లో ఒప్పుకుంది. 2011లో అక్కడి హైకోర్టు కాదంది. భారత్‌లో ఇతన్ని హింసించే ముప్పు ఉందని, చాహల్ నాడు చెప్పిన మూడో అధికరణనే చూపించింది. మన ప్రభుత్వం మళ్లీ అడిగింది, మళ్లీ హామీలిచ్చింది. 2024 ఆగస్టులో హిల్లెరోడ్ కోర్టు మళ్లీ అదే మాట అంది. 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు, పన్ను ఎగవేత కేసుల్లో మనం అడుగుతున్న ఆయుధాల దళారీ సంజయ్ భండారీని తిహార్ జైలు పరిస్థితులు చూపించి అప్పగించడానికి నిరాకరించింది.

చిత్రహింసల నిరోధక బిల్లును లోక్‌సభ 2010 మే 6న ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. కమిటీ ఇంకా గట్టి బిల్లు సూచించింది. 2014లో లోక్‌సభ గడువుతో పాటు అది మురిగిపోయింది. 2017 అక్టోబర్‌లో లా కమిషన్ తన 273వ నివేదికలో ఒప్పందాన్ని ఆమోదించమని చెబుతూ కొత్త ముసాయిదా కూడా రాసిచ్చింది. ప్రభుత్వం దాన్ని పార్లమెంటులో పెట్టలేదు. పురూలియా కేసులో హోల్క్‌ను కోల్‌కతా కోర్టు బోనులో చూడాలని నిజంగా కోరుకునేవాళ్లు కోపెన్‌హాగన్‌ను తిట్టడం ఆపి, ఢిల్లీలో ఆ ముసాయిదా సంగతి అడగాలి.